తోడికోడళ్ళ కొలతలు

టైలరమ్మ మనుషుల్ని మొహం కన్నా ముందు నడుము చూసి గుర్తుపట్టేది. నలభై రెండేళ్ళుగా అదే పని. వీధి వైపు గదిలో తొక్కుడు మిషను, గోడకు నిలువుటద్దం, అద్దం ముందు ఒక తెర, మెడలో టేపు. ఎవరైనా లోపలికి వచ్చి "నాకు ముప్పై రెండు" అంటే, టేపు తీయకుండానే "కిందటేడాది ముప్పై రెండు. ఇప్పుడు ముప్పై నాలుగున్నర" అనేది. వాళ్ళు ఉలిక్కిపడి, ఆ తర్వాత నవ్వేసి ఒప్పుకునేవాళ్ళు. ఆ కన్ను తప్పడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. అలాంటి కన్ను ఒక్క మనిషి విషయంలో మోసపోయింది. ఆ మనిషి ఆమె తోడికోడలు.

ఇల్లు ఒకటే. కింద పెద్దవాడి కాపురం, పైన చిన్నవాడి కాపురం, మధ్యలో పద్నాలుగు మెట్లు. పెద్దవాడు, అంటే టైలరమ్మ భర్త, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు; వాళ్ళ పిల్లలిద్దరూ వేరే ఊళ్ళలో స్థిరపడ్డారు. చిన్నవాడు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. అతని భార్య స్కూలు ఆఫీసులో టైపిస్టు. సన్నగా, నిటారుగా, దువ్వెనలా ఉండేది.

ఆవిడ పెళ్ళయి వచ్చిన మొదటి వారంలోనే అత్తగారు భోజనాల దగ్గర ఒక మాట అన్నారు. "పెద్దది గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి గాలి రాదు. చిన్నది నిలబడితే వెలుతురు కూడా ఆగదు." ముద్దుగానే అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వారు. టైలరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే లేచి వంటగదిలోకి వెళ్ళి, ఒక్క గ్లాసును అరగంట సేపు తోమింది.

అత్తగారు పోయి ఇరవై ఏళ్ళు దాటినా ఆ మాట పోలేదు. తోడికోడలు మెట్లు దిగి వస్తుంటే కొలతలిచ్చే ఆడవాళ్ళు టేపు కిందే తల తిప్పి చూసేవాళ్ళు. "ఈవిడకి అరవై దాటాయా? నిజంగానా? ఏం చేస్తారండీ మీరు?" అని అడిగేవాళ్ళు. ఆవిడ సిగ్గుపడి "ఏం చెయ్యనండీ, నా ఒంటి తత్వమే అంత" అనేది. ఆ జవాబు విన్నప్పుడల్లా టైలరమ్మ నోట్లో ఉన్న గుండుసూదుల్ని ఇంకాస్త గట్టిగా కొరికిపట్టేది.

అరవయ్యో పుట్టినరోజు నాడు ఆవిడ తన పెళ్ళినాటి కోటు తీసుకుని కిందికి వచ్చింది. టైలరమ్మే కుట్టిన కోటు. ఒక గుండీ ఊడిందట. గుండీ కుట్టించుకుని, అక్కడే తొడుక్కుని, మెడ దగ్గర్నుంచి కిందిదాకా అన్ని గుండీలూ పెట్టేసుకుంది. ఎక్కడా బిగియలేదు. దుకాణంలో ఉన్న ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం భర్త కూడా ఊరుకోలేదు. "ఆ అమ్మాయి ఏం తింటుందో కనుక్కుని నువ్వూ అదే తినకూడదూ?" అన్నాడు.

"ముప్పై ఏళ్ళు స్టీరింగు వెనక కూర్చుని పెంచిన ఆ పొట్టని ముందు డిపోలో అప్పజెప్పి రండి. తర్వాత నాకు చెబుదురుగాని" అంది టైలరమ్మ.

భర్తకి జవాబైతే చెప్పింది గానీ, కడుపులో మంట మాత్రం చల్లారలేదు. ఆమె ప్రయత్నం చేయలేదని ఎవరూ అనలేరు. ఒకసారి రాత్రి భోజనం మానేసింది. పన్నెండో రోజున మిషను మీదే కళ్ళు తిరిగాయి. సూది చూపుడువేలి గోరులోంచి దిగింది. తోడికోడలే పరుగున వచ్చి కట్టు కట్టింది. "నీకెందుకక్కా ఈ ఉపవాసాలు? నువ్వు నిండుగా ఉంటేనే బాగుంటావు" అంది. మంచి మనసుతోనే అని ఉంటుంది. టైలరమ్మకి మాత్రం అది కోటు గుండీల చప్పుడులాగే వినిపించింది.

ఇదంతా ఒక ఎత్తు. మూడేళ్ళ కిందట చిన్నవాడు గుండెపోటుతో పోయిన తర్వాత జరిగింది ఇంకో ఎత్తు.

పై వాటాలో ఒక్క మనిషి మిగిలింది. ఉన్న ఒక్క కూతురూ అత్తారింట్లో ఉంది, నెలకోసారి వచ్చి చూసి వెళ్ళేది. మొదటి ఆరు నెలలూ టైలరమ్మ రోజూ పైకి అన్నం పంపింది. తర్వాత తోడికోడలే "వద్దక్కా, నేను వండుకుంటాను, చేతికి పని ఉంటే మనసు నిలబడుతుంది" అంది. వండుకుంటోందనే అందరూ అనుకున్నారు. నిజానికి పొద్దున టీ, రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం రొట్టెముక్క, సాయంత్రం మళ్ళీ టీ. వండినా ఎవరికి వడ్డించాలి? ఒక్కదానికోసం పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు.

అప్పట్నుంచి ఆవిడ తన బట్టలు బిగించమని తీసుకురావడం మొదలుపెట్టింది. మొదటిసారి జబ్బ దగ్గర అర అంగుళం. ఎనిమిది నెలలకి మళ్ళీ అర అంగుళం. ఆ తర్వాత ముప్పావు. నడుము కొలత ఉన్నచోటే ఉంది. చిత్రంగా జబ్బలే సన్నబడుతున్నాయి. టైలరమ్మ పుస్తకంలో రాసుకుంది: పదకొండు, పదిన్నర, పది, తొమ్మిదింబావు. ఇంకెవరి ఒంటి మీదైనా అలాంటి అంకెలు చూసి ఉంటే "ఏమైంది, ఒంట్లో బాగుండటం లేదా?" అని అడిగేది. ఒకసారి చాకలివాడి తల్లి మెడ కొలత చూసి, గొంతులో ఏదో ఉబ్బు ఉందని పసిగట్టి డాక్టరు దగ్గరికి పంపించిన మనిషి ఆమె. కానీ ఇక్కడ ఆమెకు కనిపించింది ఒక్కటే: అరవై అయిదేళ్ళ వయసులో కూడా ఇది ఇంకా సన్నబడుతోంది!

"ఏం తింటున్నావే చెల్లీ?" అంది, కుట్లు విప్పుతూ.

"ఏదో ఒకటి అక్కా. ఆకలే ఉండటం లేదు."

"అదృష్టవంతురాలివి" అంది టైలరమ్మ. ఆ మాటలోని పుల్లదనం ఆమెకే తెలిసింది. దారం తెంపి, చేతులు ఇంకా బిగుతుగా కుట్టింది.

ఆ ఏడాది ఎండాకాలం చివర, బస్టాండు వెనక ఉన్న ఆరోగ్యకేంద్రం వాళ్ళు అరవై దాటినవాళ్ళకి ఒంటి పరీక్షలు పెట్టారు. మందులివ్వరు, సూదులు వెయ్యరు. ఒంట్లో కొవ్వెంత, కండ ఎంత, కాళ్ళలో చేతుల్లో బలమెంత అని చూస్తారు. టైలరమ్మ భర్త ఎవరినీ అడక్కుండా ముగ్గురి పేర్లూ రాయించి వచ్చాడు.

"నేను రాను. నా బరువు ఊరంతా వినాలా?" అంది టైలరమ్మ.

"బావా మరదళ్ళం వెళ్ళొస్తాంలే. నువ్వు ఇంట్లో ఉండు" అన్నాడు ఆయన. ఊరికే అన్నాడో, ఉడికించాలని అన్నాడో తెలీదు గానీ, వాళ్ళిద్దరూ కలిసి వెళ్ళడం, అక్కడ అందరూ ఆ మరదల్ని చూసి మెచ్చుకోవడం ఊహించుకునేసరికి టైలరమ్మ చెప్పులు వేసుకుంది.

పెద్ద హాలు. గోడ పక్కన వరసగా కుర్చీలు, బల్లలు. పరీక్షలు చేసేది వ్యాయామాలతో వైద్యం చేసే ఒక ఫిజియో అమ్మాయి; జుట్టు పైకి కట్టుకుని, గొంతు మాత్రం డ్రిల్లు మాస్టారిలా పెట్టి అందర్నీ పిలుస్తోంది. ముందు ఎత్తు, బరువు. తోడికోడలు నలభై ఆరు కిలోలు. వెనక నిలబడ్డవాళ్ళు "అబ్బ" అన్నారు. టైలరమ్మ ఎనభై ఒకటి. ఎవరూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకి "అబ్బ" కన్నా గట్టిగా వినిపించింది. తర్వాత నడుముకు టేపు. ఇంకొకరి టేపు తన నడుము చుట్టూ తిరగడం ఆమెకి అదే మొదటిసారి. "అమ్మాయ్, టేపు వంకరపోయింది. వెనక కిందికి జారింది, చూసుకో" అంది. ఫిజియో అమ్మాయి నవ్వి సరిచేసింది. సరిచేసిన తర్వాత కొలత ఇంకో సెంటీమీటరు పెరిగి నూట రెండయింది. నోరు మూసుకుని ఉంటే పోయేది అనుకుంది టైలరమ్మ.

ఆ పక్కన ఒక యంత్రం. చెప్పులు విప్పి దానిమీద నిలబడి, రెండు పిడులు పట్టుకోవాలి. ఒంట్లో కొవ్వు వంతు ఎంతో, కండ ఎంతో అది కాగితం మీద కొట్టి ఇస్తుంది. కాగితాలు అన్నీ అయ్యాక ఇస్తామన్నారు.

ఆపైన బలం పరీక్షలు. చేత్తో ఒక పిడి నొక్కాలి. టైలరమ్మ నొక్కితే ముల్లు ఇరవై ఆరు దాటింది. ఫిజియో అమ్మాయి ముల్లు చూసి, ఆమె చేతిని చూసి, "కత్తెర చెయ్యా అమ్మా?" అంది. తోడికోడలు నొక్కితే పద్నాలుగు దగ్గర ఆగింది. "ఇంకోసారి నొక్కండమ్మా, గట్టిగా." ఆవిడ పెదవి కొరుక్కుని నొక్కింది. మళ్ళీ పద్నాలుగే.

తర్వాత కుర్చీ. చేతులు గుండెలకి అడ్డంగా పెట్టుకుని, అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూస్తారు. టైలరమ్మ పద్నాలుగుసార్లు లేచింది. మొహం ఎర్రబడింది, ఊపిరి బుసలు కొట్టింది, కానీ తొడలు మాత్రం ఇంకా ఉన్నామన్నాయి. తోడికోడలు ఆరుసార్లు లేచి, ఏడోసారి సగంలో ఆగి, కుర్చీ చెయ్యి పట్టుకుంది. కళ్ళజోడు సర్దుకుంటూ "ఇవాళ నీరసంగా ఉంది" అంది, ఎవరూ అడక్కుండానే.

ఒక గంటకి కాగితాలిచ్చారు. తోడికోడలు అప్పటికే బయట బెంచీ మీద కూర్చుంది. ఫిజియో అమ్మాయి ఆడవాళ్ళిద్దరి కాగితాలూ టైలరమ్మ చేతికే ఇచ్చి, విడమర్చి చెప్పింది.

"అమ్మా, మీ ఒంట్లో కొవ్వు ఎక్కువే. నడుము బాగా ఎక్కువ. షుగరు పరీక్ష చేయించుకోండి, రోజూ నడవండి, ఇది తేలిగ్గా తీసుకోకండి. కానీ కండ బాగుంది, కాళ్ళు బాగున్నాయి. కాళ్ళకి ఏం పని చెబుతారు?"

"మిషను తొక్కుతాను. మోటారు లేదు."

"అదీ సంగతి. మీ చెల్లెలుగారి సంగతే నాకు బెంగగా ఉంది. చూడటానికి సన్నంగా ఉన్నారు కదా, ఆ సన్నతనంలో కండ లేదు. ఒంట్లో వందకి ముప్పై ఏడు వంతులు కొవ్వే. బక్కగా ఉన్నవాళ్ళకి ఇలా ఉండదని అందరూ అనుకుంటారు. తిండి సరిగ్గా లేకుండా, కదలకుండా ఉంటే కండ కరిగిపోతుంది. ఒకసారి పడితే లేవడం కష్టం. బుధవారం బుధవారం ఇక్కడ వ్యాయామం నేర్పిస్తాం, ఆవిణ్ణి తప్పకుండా తీసుకురండి."

టైలరమ్మ తలూపింది. కానీ ఆ అమ్మాయి చెప్పిన మాటల్లో "బెంగ" అన్నది ఆమె చెవికి ఎక్కలేదు. ముప్పై ఏడు వంతులు కొవ్వు అన్నది ఎక్కింది. నలభై ఏళ్ళుగా గుమ్మంలో నిలబడి గాలి ఆపిన మనిషికి ఒక్కసారిగా గాలి ఆడినట్టయింది. తోడికోడలి కాగితం ఆవిడ చేతికి ఇస్తూ "బుధవారం రమ్మన్నారు" అని మాత్రం చెప్పింది. ఇంటికి వచ్చేదాకా పెదవుల చివర నవ్వు ఆపుకుంటూ నడిచింది.

ఆపుకున్నది మర్నాడు దుకాణంలో బయటపడింది. కొలతలివ్వడానికి వచ్చిన మందులషాపు ఆవిడ మామూలుగానే "మీ తోడికోడలు ఎంత నాజూగ్గా ఉంటారండీ" అంది.

"నాజూకా?" అంది టైలరమ్మ. "పైకే నాజూకు. యంత్రం ఎక్కిస్తే తెలిసింది, లోపలంతా కొవ్వేనట. కుర్చీలోంచి ఆరుసార్లు మించి లేవలేకపోయింది. నేను పద్నాలుగు!"

దుకాణంలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకి ఎంత రుచించిందంటే, ఆ వారంలో ఇంకో నలుగురికి అదే చెప్పింది. ఆరు కాస్తా నాలుగయింది, పద్నాలుగు కాస్తా పదహారయింది. వారం తిరిగేసరికి అది మెట్లెక్కి పైకి చేరింది. ఎవరో పలకరించడానికి వెళ్ళి, "మీకు లోపల కొవ్వుందటగా, జాగ్రత్తండీ" అన్నారట.

తోడికోడలు దెబ్బలాటకి రాలేదు. బుధవారం వ్యాయామానికీ రాలేదు. అసలు మెట్లు దిగడమే మానేసింది. కావలసినవి పై కిటికీలోంచి కూరగాయల బండివాడిని పిలిచి, తాడుకి సంచి కట్టి తెప్పించుకునేది. టైలరమ్మకి అర్థమైంది. తప్పు చేశానన్న సంగతి లోపల ఎక్కడో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. కానీ పైకి వెళ్ళి అడిగితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని, బింకంగా మిషను తొక్కుతూ కూర్చుంది.

మూడు వారాలు అలా గడిచాయి. నాలుగో వారం, ఒక శనివారం, పొద్దున పది గంటల వేళ. భర్త తన పాత డ్రైవర్లందరితో కబుర్లకని డిపోకి వెళ్ళాడు. స్కూలు యూనిఫారాలు సోమవారానికి ఇవ్వాలి. టైలరమ్మ తల ఎత్తకుండా కుడుతోంది. పైనుంచి టక్, టక్, టక్ అని చప్పుడు.

ఆమెకి ఒళ్ళు మండింది. తోడికోడలికి తలనొప్పి వస్తే వెనకటి రోజుల్లో కూడా మెట్ల మీదినుంచి "అక్కా, కాసేపు మిషను ఆపవా" అని అడిగేది. ఇప్పుడు నోటితో అడగడం నామోషీ అయిపోయి నేల మీద కొడుతోందన్నమాట! "కొట్టుకో" అనుకుని టైలరమ్మ మిషనుని ఇంకా జోరుగా తొక్కింది. పైన ఆగింది. ఆమె గెలిచాననుకుంది. కాసేపటికి మళ్ళీ మూడుసార్లు. ఆమె మళ్ళీ జోరు పెంచింది. అలా రెండు గంటలు ఆ చప్పుడూ, ఈ చప్పుడూ పోట్లాడుకున్నాయి. పన్నెండింటికి బాబిన్‌లో దారం అయిపోయి మిషను ఆగింది. ఆ నిశ్శబ్దంలో పై చప్పుడు ఒక్కసారి వినిపించింది, చాలా నెమ్మదిగా. ఆ నెమ్మది విని టైలరమ్మ మిషను వదిలి లేచింది. కోపంగా ఉన్న మనిషి అలా కొట్టదు.

పద్నాలుగు మెట్లూ ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. తలుపు గడియ వేసి లేదు. వంటగదిలో, సింకు పక్కన, తోడికోడలు నేలమీద కూర్చుని ఉంది. చేతిలో గరిటె. పక్కన ఒలికిన డబ్బా, చుట్టూ పంచదార.

"ఎముక విరిగిందా? ఎక్కడ నొప్పి?"

"ఎక్కడా లేదక్కా" అంది ఆవిడ. గొంతు ఎండిపోయి ఉంది. "కింది అరలో పంచదార తీసుకుందామని కూర్చున్నాను. లేవలేకపోయాను. అంతే. పడలేదు కూడా. ఉత్తినే లేవలేకపోయాను."

టైలరమ్మ చెప్పులు విడిచి, కాళ్ళు ఎడంగా పెట్టి, వెనకనుంచి రెండు చంకల కిందా చేతులు పోనిచ్చి, "నన్ను గట్టిగా పట్టుకో" అంది. మిషను తొక్కిన తొడల మీద బరువంతా వేసుకుని ఒక్క ఊపులో లేపింది. లేపుతున్నప్పుడు ఆవిడ జబ్బ ఆమె అరచేతిలో ఇమిడిపోయింది. టేపు మీద తొమ్మిదింబావు అని రాసుకోవడం వేరు, అది చేతిలో పట్టుకోవడం వేరు. వదులు చర్మం, ఎముక, మధ్యలో ఏమీ లేదు.

కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఆవిడ రెండు గ్లాసులు తాగింది.

"రెండు గంటల్నుంచీ కొడుతున్నావా?"

"మిషను ఆగుతుందేమో, వింటావేమోనని."

"విన్నానే" అంది టైలరమ్మ. ఇంకేదైనా చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. "మిషను చప్పుడు పడక కొడుతున్నావనుకున్నాను. నిన్ను ఉడికించాలని ఇంకా గట్టిగా తొక్కాను."

టైలరమ్మ ఒకసారి మొదలుపెట్టాక ఆగలేకపోయింది. "అదొక్కటే కాదు. రెండేళ్ళుగా నీ జబ్బ కరిగిపోతుంటే నా చేత్తోనే కొలిచాను. ఊళ్ళోవాళ్ళందరి ఒళ్ళూ నాకు తెలుస్తాయి, నీది తెలీదా? తెలిసింది. కానీ ఎంత సన్నబడుతోందో చూడు అని కుళ్ళుకుంటూ కుట్లు బిగించాను."

"చూశావా?" అంది తోడికోడలు. "చూసి ఊరుకున్నావా?"

టైలరమ్మ ఒలికిన పంచదార ఎత్తడానికి వంగింది.

"కిందికి వెళ్ళక్కా. నేను కాసేపు ఒంటరిగా ఉంటాను."

నాలుగు రోజులు మాటల్లేవు. అయిదో రోజు మధ్యాహ్నం టైలరమ్మ రెండు పళ్ళేలు పెట్టుకుని పైకి వెళ్ళింది. అన్నం, పప్పు, రెండేసి గుడ్లు. బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని, పిలవకుండానే తినడం మొదలుపెట్టింది. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. సగం తిన్నాక అంది:

"నీకొక్కదానికే కుళ్ళు అనుకుంటున్నావా? నా కూతురు చిన్నప్పుడు నా ఒళ్ళో పడుకునేది కాదు, గుర్తుందా? అమ్మ ఒడిలో ఎముకలు గుచ్చుకుంటాయి, పెద్దమ్మ ఒళ్ళో అయితే పరుపులా ఉంటుంది అనేది. రోజూ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి చూస్తే, నీ పిల్లలిద్దరూ, నా పిల్లా, ముగ్గురూ నీ మీదే. నేను ఆ గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడేదాన్ని. నువ్వు రమ్మని కూడా అనేదానివి కాదు."

"నేను చూసేదాన్ని" అంది టైలరమ్మ. "కావాలనే అనేదాన్ని కాదు."

తోడికోడలు గుడ్డు చిదుపుతూ ఆగిపోయింది. తర్వాత ఎందుకో నవ్వొచ్చింది ఆవిడకి. నోట్లో అన్నం ఉండగానే నవ్వడంతో పొలమారింది. టైలరమ్మ లేచి నెత్తిన తట్టింది, కాస్త గట్టిగానే.

ఆ తర్వాతి బుధవారం ఇద్దరూ ఆరోగ్యకేంద్రానికి వెళ్ళారు. ఫిజియో అమ్మాయి ఎవరికి కావలసింది వాళ్ళకి చెప్పింది. తోడికోడలికి పూటపూటా గుడ్డో, పప్పో, పాలో. కుర్చీలోంచి రోజుకు మూడు విడతలు లేచి కూర్చోవడం. నీళ్ళ సీసాలు పట్టుకుని చేతులెత్తడం. మెట్టు అంచున నిలబడి మడమలు లేపడం. టైలరమ్మకి రోజూ అరగంట నడక, అన్నం సగం, రక్తపరీక్ష. పరీక్షలో షుగరు బయటపడింది. మందులు మొదలయ్యాయి. ఆ వారమంతా టైలరమ్మ ఎవరి ఒంటి గురించీ ఏ మాటా అనలేదు.

మధ్యాహ్న భోజనం పై వాటాలో, ఇద్దరికీ కలిపి, తరచు ఆమె భర్తకి కూడా. దుకాణంలో కొలతలిచ్చేవాళ్ళ కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడల్లా తోడికోడలు వచ్చి అందులో లేచి కూర్చునేది, టైలరమ్మ లెక్కపెట్టేది. ఎనిమిది దాకా వచ్చిన రోజున ఇద్దరూ టీ తాగారు. పది దాకా వచ్చిన రోజున టైలరమ్మ "బాగుంది" అంది, కానీ కొంచెం ఆలస్యంగా అంది. పన్నెండు వచ్చిన రోజున "తొందరపడకు, మోకాళ్ళు జాగ్రత్త" అంది.

ఆరు నెలలకి మళ్ళీ పరీక్షలు పెట్టారు. టైలరమ్మ నడుము నాలుగు సెంటీమీటర్లు తగ్గింది, షుగరు అదుపులోకి వచ్చింది. కుర్చీలోంచి పదిహేనుసార్లు లేచింది. తోడికోడలు పదమూడు. పిడి నొక్కితే పందొమ్మిది. బరువు రెండు కిలోలు పెరిగింది, ఆ పెరిగిందంతా కండేనని యంత్రం చెప్పింది. ఫిజియో అమ్మాయి పట్టరాని సంతోషంతో హాల్లో ఉన్న ముప్పైమందికీ వినిపించేలా చెప్పింది:

"అందరూ ఈ అమ్మగారిని చూడండి! ఆరు నుంచి పదమూడు! అరవై అయిదేళ్ళ తర్వాత కండ పెరగదని ఎవరన్నారు? వచ్చే వారం నుంచి బుధవారం గ్రూపుకి ఈవిడే ముందు నిలబడి చేయిస్తారు."

హాలంతా చప్పట్లు. టైలరమ్మ కూడా కొట్టింది. కొడుతుంటే కడుపులో ఆ పాత మంట, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో గానీ, భగ్గుమంది. పదిహేను ఎక్కువా, పదమూడు ఎక్కువా? పదిహేనుకి ఎవరూ చప్పట్లు కొట్టరేం? అన్నం వండి పైకి మోసిందెవరు? కుర్చీ పక్కన నిలబడి లెక్కపెట్టిందెవరు? ఇంటికి వచ్చేదారిలో తోడికోడలు "అక్కా, నువ్వు లేకపోతే..." అని మొదలుపెట్టింది. "సర్లే, ఎండగా ఉంది, నడు" అంది టైలరమ్మ.

రెండు బుధవారాలు ఆమె వెళ్ళలేదు. యూనిఫారాలున్నాయంది. అప్పుడు యూనిఫారాల కాలమే కాదు. భర్త వెళ్ళి వచ్చి కబుర్లు చెప్పేవాడు. "భలే చేయిస్తోందోయ్! చెయ్యెత్తమంటే ఎత్తాల్సిందే. మా డిపో మేనేజరు కూడా అంత గట్టిగా అనేవాడు కాదు."

"మీరు ఎత్తారా?"

"ఎత్తకపోతే ఊరుకుంటుందా?"

నేను ముప్పై ఏళ్ళు చెబితే ఒక్క చెయ్యీ ఎత్తని మనిషి, అనుకుంది టైలరమ్మ.

మూడో బుధవారం వెళ్ళింది. ఆఖరి వరసలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. తోడికోడలు ముందు నిలబడి ఉంది. మెడలో ఈల. టైలరమ్మని చూసి, ఈల ఊదింది. "లేవండి, ఒకటి. కూర్చోండి. లేవండి, రెండు..." అంటూ పది దాకా చేయించి "చాలు, ఊపిరి తీసుకోండి" అంది. అందరూ కూర్చున్నారు. టైలరమ్మ లేచి పదకొండు చేసింది.

"అక్కా, పదే."

"నీకు పది. నాకు పదకొండు."

అందరూ వెనక్కి తిరిగారు. తోడికోడలు ఈల తీసి బల్ల మీద పెట్టింది. తన కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుని, లేచింది. "పదకొండు" అంది. టైలరమ్మ పన్నెండు. ఆవిడా పన్నెండు. పదమూడు, పద్నాలుగు. హాల్లో ఎవరో లెక్క అందుకున్నారు, తర్వాత అందరూ అందుకున్నారు. పదిహేడు దగ్గర తోడికోడలి కాళ్ళు వణికాయి, అయినా లేచింది. పద్దెనిమిది దగ్గర టైలరమ్మ మోకాలు టక్కుమంది, అయినా లేచింది. ఫిజియో అమ్మాయి పరుగున వచ్చి మధ్యలో నిలబడి, "అమ్మా, ఇద్దరూ ఆపండి! నా ఉద్యోగం పోతుంది!" అని అరిచింది.

ఆ రోజు ఎవరు గెలిచారన్నది ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. టైలరమ్మ తనకి పందొమ్మిది అంటుంది, ఆఖరిది సగమేనని తోడికోడలు అంటుంది. కుళ్ళు పోయిందా అని అడిగితే టైలరమ్మ అబద్ధం చెప్పదు. "ఎక్కడికి పోతుంది? ఒకే ఇంట్లో ఉంటున్నాం కదా" అంటుంది. బుధవారాలు మాత్రం మానలేదు.

ఆ పందెం మర్నాడు పొద్దున టైలరమ్మ తొడలు కర్రల్లా బిగుసుకుపోయాయి. మంచం అంచు పట్టుకుని, గోడ పట్టుకుని, ఎలాగో దుకాణం తలుపు తీసి మిషను ముందు కూలబడింది. తలెత్తి చూస్తే తోడికోడలు మెట్లు దిగుతోంది. పక్కకి తిరిగి, రెండు చేతులా కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఒక్కో మూలుగు మూలుగుతూ. టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"ఏమైందే చెల్లీ?" అంది, ఎంతో ఆప్యాయంగా.

"నువ్వొకసారి లేచి నిలబడి అడుగు, చెబుతాను" అంది తోడికోడలు.